మన్నించదగిన ఆలస్యం

మా తమ్ముడి కుడిచెయ్యి చూసినవాళ్లు అందులో వాడేదో దాచుకున్నాడనుకుంటారు. బస్సులో కండక్టరు కూడా టిక్కెట్టు డబ్బులు ఆ చేతిలో ఉన్నాయనుకుని దానివైపే చెయ్యి చాపుతాడు. అందులో ఏమీ లేదు. కాలిన చర్మం ముడుచుకుపోయి వేళ్లని అరచేతిలోకి లాగేసింది, అంతే.

మాది చెక్కసామానుకి పాలిష్ పెట్టే షాపు. గరుకు కాగితం రుద్దడం, లప్పం పెట్టడం, స్పిరిట్టులో లక్క కరిగించడం నా వంతు. చివరి చెయ్యి మాత్రం తమ్ముడిది. పాత బనీను గుడ్డలో దూది పెట్టి, నిమ్మకాయంత ముద్ద కట్టి, పాలిష్‌లో తడిపి, చెక్క మీద సున్నాలు చుట్టుకుంటూ పోవాలి. గట్టిగా నొక్కితే కింది పూత లేచొస్తుంది. తేలిగ్గా పోనిస్తే చారలు పడతాయి. మధ్యలో ఆపామా, ఆపినచోట మచ్చ. నేను పెడితే బల్లకి మెరుపొచ్చేది. వాడు పెడితే లోపలెక్కడో దీపం ఉన్నట్టుండేది. వచ్చినవాళ్లు నాకు నమస్కారం పెట్టి, పని వాడికి చెప్పి వెళ్లేవాళ్లు.

ఒక మధ్యాహ్నం స్విచ్చిబోర్డులోంచి నిప్పురవ్వ రాలి స్పిరిట్టు డబ్బా అంటుకుంది. షాపు పైన రెండు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మావాడు మండుతున్న డబ్బాని పిడి పట్టుకుని ఎత్తి, వీధిలోకి పరిగెత్తి, ఖాళీగా ఉన్నచోట పడేశాడు. పిడి రేకుది. అరచేతి చర్మం దాంతోపాటే పోయింది. షాపు సగం కాలింది. పైన కాపురం ఉన్నవాళ్లకి గోడ నల్లబడటం తప్ప ఏమీ కాలేదు. ఆ గోడకి రంగెప్పుడు వేయిస్తావని తర్వాత వాళ్లు నన్నే అడిగారు.

ఇన్సూరెన్సు ఉంది. షాపుకీ, షాపులో పనిచేసే మనుషులకీ కలిపి తీసుకున్నదే. ఏజెంటు ఏటా వచ్చి, "అన్నా, నువ్వు నిశ్చింతగా పడుకో, మిగతాది నేను చూసుకుంటా" అని కంతు పట్టుకెళ్లేవాడు. నిప్పంటుకున్న రోజు నుంచి ఫోను ఎత్తలేదు. పడుకున్నది అతనే అన్నమాట.

తమ్ముడు ఆస్పత్రిలో జ్వరంతో కొట్టుకుంటుంటే నేను మంచం దగ్గరే ఉన్నాను. వాడు కాస్త కళ్లు తెరిచి గంజినీళ్లు తాగాక కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. క్లెయిముల మేనేజరు బక్కపలచటి మనిషి. చలికాలం, ఎండాకాలం అని లేకుండా మెడకి టై బిగించుకునే ఉంటాడు. మా ఇంట్లో ఆయన పేరు టైగారు.

"ప్రమాదం జరిగిన వెంటనే చెప్పాలి కదండీ. గడువు దాటింది" అన్నాడు.

"మావాడు చావుబతుకుల్లో ఉన్నాడండీ."

"అయ్యో పాపం. కానీ మీరు బాగానే ఉన్నారు కదా?"

"వాడి పక్కన నేనున్నానండీ. మీ ఏజెంటుకి అప్పుడే ఫోను చేశాను. ఎత్తలేదు."

"ఏజెంటు వేరు, కంపెనీ వేరండీ" అని నవ్వాడు. చిన్నపిల్లాడికి కుడి ఎడమా చెప్పినట్టు చెప్పాడు.

కొన్నాళ్లకి ఉత్తరం వచ్చింది. ఆలస్యానికి తగిన కారణం చూపనందున మా క్లెయిము తిరస్కరించామన్నారు. మరదలు దాన్ని రెండుసార్లు చదివి, "తగిన కారణమంటే ఏంటి బావగారూ, ఆయన పోయుండాలా?" అంది.

ఆస్పత్రిలో చేతుల డాక్టరు ముందే చెప్పాడు. మచ్చ కాస్త మెత్తబడేదాకా ఆగి, ముడుచుకున్న చర్మం కోసి, తొడ దగ్గర చర్మం తెచ్చి అతికిస్తే వేళ్లు తెరుచుకుంటాయన్నాడు. "అలాగని మరీ ఆలస్యం చేయకండి. లోపల కీళ్లు బిగుసుకుపోయాయంటే నేను చేసేదేమీ ఉండదు" అన్నాడు. మొదటిసారి వైద్యానికే మరదలి మెళ్లోవీ చేతివీ పోయాయి. నాకు అప్పు పుట్టే గుమ్మాలన్నీ అయిపోయాయి. సర్కారు ఆస్పత్రిలో ఆ పని చేసే డాక్టరు బదిలీ అయి, ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆపరేషను జరగాలంటే కంపెనీ ఇవ్వాలి. ఇంకో దారి లేదు.

అందుకని గొడుగు లాయరు దగ్గరికి వెళ్లాం. ఎండా వానా లేని కోర్టు వరండాలో కూడా ఆయన చంకలో గొడుగుంటుంది. దాని కొసతోనే మనుషుల్ని చూపిస్తాడు.

"కేసు వేద్దాం. వాళ్లు కోర్టుకి వస్తే మూడేళ్లు పట్టుద్దయ్యా. రాకపోతే ఆర్నెల్లు" అన్నాడు.

"అంత పెద్ద కంపెనీ రాకుండా ఉంటుందాండీ?"

"ఎందుకుంటుంది. పక్కింట్లో పిల్లి పోయినా లాయర్ని పంపించే రకం."

కాని రాలేదు. కోర్టు కాగితం ఆఫీసుకి చేరింది. వాళ్ల ముద్ర కొట్టి తీసుకున్నారు. వాయిదా రోజున బంట్రోతు వరండాలోకొచ్చి కంపెనీ పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. జడ్జిగారు ఇంకో వాయిదా ఇచ్చారు. మళ్లీ పిలిచారు. ఆ తర్వాత ఇంకోటి. మాకు భయమేసింది, ఇంత పెద్దవాళ్లు రావడం లేదంటే మనకి తెలియనిదేదో వాళ్లకి తెలుసని. చివరికి వాళ్లు లేకుండానే విచారణ చేశారు. తమ్ముడు బోనెక్కి, ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తాడు. అప్పటికి వేళ్లు సగం తెరుచుకునేవి. జడ్జిగారు ఆ చేతిని కాసేపు చూసి తల దించుకుని రాసుకున్నారు. తీర్పు మాకు వచ్చింది. అవతలివాళ్లు రాకుండా వచ్చిన తీర్పు కాబట్టి ఏకపక్ష తీర్పంటారట. ఏ పక్షమైతేనేం, మరదలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరు ఆపరేషనుకి తేదీ ఇచ్చాడు. అప్పటిదాకా కీళ్లు బిగుసుకోకుండా చూసుకోమన్నాడు. మరదలు రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి నానబెట్టించి, ఒక్కో వేలూ లాగేది. వాడు పళ్లు బిగబట్టి పైకప్పు చూస్తూ, "నువ్వు దర్జీ కొట్లో పుట్టాల్సిందే, సాగదీయడంలో నిన్ను మించినవాళ్లు లేరు" అనేవాడు. వాళ్లిద్దరూ నవ్వేవాళ్లు. నేను వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి.

కంపెనీ మాత్రం కదల్లేదు. లాయరు నోటీసు పంపాడు. జవాబు లేదు. నేను ఫోను చేశాను. ఒకమ్మాయి తియ్యగా మాట్లాడింది.

"సార్, ఆ క్లెయిము క్లోజ్డ్ అండీ."

"కోర్టు తీర్పిచ్చిందమ్మా."

"మా దగ్గర క్లోజ్డ్ అనే ఉందండీ."

"తీర్పు కాగితం పంపించాం. చూశారా?"

"క్లోజ్డ్ కదండీ."

"మరి ఓపెన్ ఎలా అవుతుందమ్మా?"

"కొత్తగా ప్రమాదం జరిగితే అవుతుందండీ" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆ జవాబు ఎవరో నేర్పారు.

ఆపరేషను తేదీ వచ్చింది, వెళ్లింది. ఇంకో తేదీ ఇచ్చారు. అదీ వెళ్లింది. ఒక పొద్దున మరదలు నీళ్లగిన్నె పక్కన పెట్టి, "బావగారూ, చిటికెన వేలు ఇవాళ లాగినా రాలేదు" అంది. పాలు విరిగాయని చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

ఇక లాభం లేదని లాయరు జప్తుకి వేశాడు. కోర్టు సరేనంది. జప్తు జరిపే కోర్టు మనిషి ముసలి అమీను, ఇద్దరు హమాలీలు, ఒక బాడుగ వ్యాను, నేనూ, తమ్ముడూ కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. తీర్పొచ్చి అప్పటికి ఏడాది దాటింది. అమీను గుమ్మంలోనే నిలబడి జప్తు ఉత్తర్వు చదివాడు. టైగారు లేచి ఎదురొచ్చాడు.

"కూర్చోండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం" అని కుర్చీ లాగాడు.

"కూర్చోకండయ్యా. ఆ కుర్చీ జప్తు చిట్టాలో రాసేశాను" అన్నాడు అమీను మాతో.

హమాలీల్లో ఒకడు ఫ్యాను వంక చూశాడు. "అదీ దించమంటారా?" అన్నాడు. "ముందు కిందవి కానీరా, పైవాటికి నిచ్చెన ఎవడు తెస్తాడు" అన్నాడు అమీను.

మావాడు మీటింగుల బల్ల దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో దాని అంచు నిమిరాడు. "మిషన్ పాలిష్ అన్నయ్యా. చూడు, మూల పొర లేస్తోంది. దీన్ని వేలంలో ఎవడు కొంటాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

టైగారు గుమాస్తాని కేకేసి, మా కాగితాలు ఎక్కడున్నాయో వెతకమన్నాడు. గుమాస్తా వరండా చివర ఒక గదికి తాళం తీశాడు. మేమూ వెనకాలే వెళ్లాం. కిటికీ లేని గది. గోడల పొడుగునా బీరువాలు, వాటిమీద కట్టలు, కట్టల మీద కవర్లు. అంటించిన కవర్లు, అంటించినట్టే ఉన్నాయి. అందులో కోర్టు ముద్రలున్నవీ కనిపించాయి. మావి మాత్రమే కాదు.

"ఇవేంటి?" అన్నాడు అమీను.

గుమాస్తా తలుపు వైపు తిరిగాడు. టైగారు వినడం లేదని చూసుకుని చెప్పాడు. "తిరస్కరించిన క్లెయిములకి వచ్చే ఉత్తరాలండీ. మేం తెరవం. తెరిస్తే ఫైలు మళ్లీ పెండింగులోకి వస్తుంది. పెండింగు ఎక్కువుంటే బ్రాంచికి మంచి పేరు రాదు. ముద్ర కొట్టి తీసుకుని ఇక్కడ పెడతాం."

"ఎవరు చెప్పారు అలా?"

"ఎవరూ చెప్పలేదండీ. నేను చేరేటప్పటికే అలా ఉంది."

ఇంతకీ కంపెనీ మా మీద కక్ష కట్టి రాకుండా ఉన్నది కాదు. మమ్మల్ని ఒకసారి కాదన్నారు కాబట్టి, మేం ఇక లేము. లేనివాళ్లు ఉత్తరం రాస్తే ఎవరు తెరుస్తారు? నాకు కక్షే నయమనిపించింది. కక్ష కట్టినవాడు కనీసం మన పేరు గుర్తుపెట్టుకుంటాడు.

కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తుంటే కంపెనీ లాయరమ్మ కోర్టు నుంచి స్టే తెచ్చింది. అమీను ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, "దించండ్రా" అన్నాడు. హమాలీలు దించారు. బాడుగ నేనే ఇచ్చుకున్నాను. టైగారు దించిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని టై వదులు చేసుకున్నాడు. అది వదులవడం నేను మొదటిసారి చూశాను.

ఏడాదికి పైగా పలకనివాళ్లు ఆ వారంలో రెండు దరఖాస్తులు వేశారు. ఒకటి తీర్పు కొట్టేయమని, రెండోది ఇంత ఆలస్యంగా వచ్చినందుకు మన్నించమని. ఆలస్యానికి పరిపాలనా కారణాలని రాశారు.

గొడుగు లాయరు మాకు అర్థమయ్యేలా చెప్పాడు. "తీర్పు కొట్టేయాలంటే ముందు ఆలస్యాన్ని మన్నించాలి. మన్నించకపోతే మనం గెలిచినట్టే. తగిన కారణం ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న."

తగిన కారణం. ఆ మాట నేను ముందే చదివాను.

ఆ వాదన జరిగిన రోజు నేనూ తమ్ముడూ వెనక బెంచీ మీద కూర్చున్నాం. మా లాయరు గొడుగు పక్కన పెట్టి, కంపెనీ మాకు రాసిన ఉత్తరం చదివి వినిపించాడు. "తమ్ముడు చావుబతుకుల్లో ఉంటే పక్కన కూర్చున్నవాడి ఆలస్యానికి కారణం చాల్లేదన్నారండి వీళ్లు. ఇప్పుడు గదికి తాళం వేసుకుని కూర్చున్నవాళ్లు కారణం ఉందంటున్నారు."

లాయరమ్మ లేచింది. చదువుకున్న పిల్ల, గొంతులో తొణుకు లేదు. "అది పాలసీ షరతండి. ఇది గౌరవ కోర్టువారి విచక్షణ. రెండూ వేర్వేరు."

ఏజెంటు వేరు, కంపెనీ వేరు. షరతు వేరు, విచక్షణ వేరు. వాళ్లకి ఏదైనా వేరు చేసుకోవడం వచ్చు. మాకు చిటికెన వేలు పక్క వేలు నుంచి వేరు కావడం లేదు.

జడ్జిగారు చెడ్డవారు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఉద్యోగుల నిర్లక్ష్యానికి సంస్థ హక్కు పోగొట్టలేమన్నారు. రెండువైపులా విని తేల్చడమే న్యాయమన్నారు. ఆలస్యాన్ని మన్నించారు. మాకు ఖర్చులు ఇప్పించారు, వ్యాను బాడుగకి సరిపోయాయి. తీర్పు మొత్తంలో సగం తెచ్చి కోర్టులో కట్టమని కంపెనీకి చెప్పారు.

"సగం చాలండీ, ఆపరేషన్ అయిపోతుంది" అన్నాను బయటికొచ్చాక.

లాయరు గొడుగు కొసతో నేల గీశాడు. "కోర్టులో కట్టమన్నారయ్యా. నీకివ్వమన్లేదు. కేసు తేలేదాకా అక్కడే ఉంటది."

"వైద్యానికని అడిగితే?"

"అడుగుదాం. వేరే దరఖాస్తు వేయాలి."

వేశాం. కంపెనీ ఒప్పుకోలేదు. రేపు కేసు వాళ్లు గెలిస్తే మా దగ్గర్నుంచి ఎలా రాబట్టుకుంటారని. దానికి ఒక వాయిదా. లాయరమ్మకి జ్వరమొచ్చింది, ఒక వాయిదా. జడ్జిగారికి బదిలీ అయింది, కొత్తవారు వచ్చేదాకా అన్నీ ఆగిపోయాయి. ఇంట్లో గోరువెచ్చటి నీళ్లు, పైకప్పు, పళ్లు బిగబట్టడం ఆగలేదు. కొన్నాళ్లకి దర్జీ జోకులు ఆగిపోయాయి. ఒకరోజు మరదలు వాడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుంది, లాగకుండా.

"లాగవేం?" అన్నాడు వాడు.

"ఏది లాగమంటావు?" అంది.

కొత్త జడ్జిగారు మా దరఖాస్తు ఒప్పుకున్నారు. మంచి మనసుతోనే ఒప్పుకున్నారు. ఆ డబ్బు పట్టుకుని అట్నుంచి అటే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్సరే వెలుగుకి పెట్టి చూశాడు. వేళ్ల కీళ్లు ఒక్కొక్కటీ తన బొటనవేలితో నొక్కాడు. తర్వాత చెయ్యి మెల్లగా బల్లమీద పెట్టేశాడు.

"ఇంతకాలం ఎందుకాగారు? నేను చెప్పాను కదా."

"కోర్టులో ఉందండీ చెయ్యి" అన్నాడు తమ్ముడు.

డాక్టరుకి అర్థం కాలేదు. కోస్తే నొప్పి తప్ప లాభం లేదని, ఎడమచేత్తో పని అలవాటు చేసుకోమని చెప్పాడు. ఫీజు తీసుకోలేదు. మెట్లు దిగుతుంటే వాడు, "అన్నయ్యా, ఒకటి మాత్రం బాగుంది. గుడ్డముద్ద ఇక కింద పడదు" అన్నాడు. నేను వాణ్ణి తిట్టాను. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. మెట్ల మీద జనం ఆగి చూశారు. వాడు కుడిచెయ్యి నా భుజం మీద వేసి దిగాడు. రాయిలా ఉంది.

ఆ గుడ్డముద్ద నిజంగానే వాడి పిడికిట్లో దూర్చి కట్టి ప్రయత్నించాం. ఒక పాత స్టూలు మీద. సున్నాలు రాలేదు. మణికట్టు తిరుగుతోంది గాని, వేళ్లు ఒత్తిడి చెప్పడం లేదు. చారలు పడ్డాయి. ఆ స్టూలు ఇప్పటికీ షాపు వెనక ఉంది. గిరాకీలకి కనపడకుండా దానిమీద గోనె కప్పాను.

కేసు మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఈసారి బంట్రోతు కంపెనీ పేరు ఒక్కసారి పిలిస్తే చాలు, ముగ్గురు లేస్తున్నారు. టైగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాడు. నన్ను చూసి, "బాగున్నారా?" అని తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. ఏం చేయాలి మరి.

తమ్ముడి సాక్ష్యం మళ్లీ తీసుకోవాలన్నారు. మొదటిసారి చెప్పింది కంపెనీ లేనప్పుడు చెప్పింది, అందుకని చెల్లదట. వాడు బోనెక్కాడు. కోర్టు గుమాస్తా తల ఎత్తకుండానే, "కుడిచెయ్యి ఎత్తండి. అరచెయ్యి కనపడాలి" అన్నాడు.

వాడు ఎత్తాడు.

టైగారు కుర్చీలో వెనక్కి జరిగాడు. జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తి కనుబొమలు ముడిచారు.

"కోర్టులో పిడికిలి బిగిస్తారా?"

"బిగించలేదండీ. తెరుచుకోదు" అన్నాడు వాడు నెమ్మదిగా.

జడ్జిగారు గుమాస్తా వైపు తిరిగారు. "సరే. సాక్షి ప్రమాణం చేశాడని రాసుకోండి" అన్నారు.

లాయరమ్మ లేచి, తెచ్చుకున్న కాగితం సరిచేసుకుని మొదటి ప్రశ్న అడిగింది.

"ప్రమాదం గురించి కంపెనీకి మీవాళ్లు ఎందుకు ఆలస్యంగా చెప్పారు?"

చెయ్యి దించమని వాడికెవరూ చెప్పలేదు. వాడూ దించలేదు.